కిటికీ మూసిన పెద్దామె

కోట బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాను గానీ డ్రైవరు ఇంకా రాలేదు. లోపల ఉన్నది ఇద్దరమే. ముందు సీట్లో ఎవరో పెద్దామె. ఊరికే ఉండలేక సంచిలోంచి వేణువు తీశాను.

ఎప్పటిలాగే స్వరం కంటే బుసే ఎక్కువ వచ్చింది. ఇంట్లోవాళ్లు చెవులు మూసుకుంటున్నారని నేను సముద్రం ఒడ్డుకు పోయి సాధన చేసేవాణ్ణి. ఆ హోరులో నాకే వినపడక ఇంకా గట్టిగా ఊదేవాణ్ణి. లోపం నా పెదవులదేనని, ఇక దీన్ని అటకెక్కించడమే మేలని అనుకుంటున్న రోజులవి.

పెద్దామె వెనక్కి తిరిగింది. ఆపమంటుందనుకుని, "విసిగించానామ్మా?" అన్నాను.

ఆమె లేచొచ్చి, గాలి కొడుతున్న నా పక్క కిటికీ అద్దం బలంగా లాగి మూసింది.

"అంత గాలికి ఎదురు ఊదతా ఉండావే అబ్బయ్యా, అదెట్టా పలకతది? ఇప్పుడు మెల్లిగా ఊదు."

మెల్లిగా ఊదాను. ఎన్నడూ లొంగని కింది స్వరం బుస లేకుండా, నిండుగా పలికింది. నా ప్రాణం లేచొచ్చింది. పెదవులు బాగానే ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను సముద్రపు గాలితో పోట్లాడుతున్నాను, అంతే.

ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని చాలాసేపు ఊదాను. బాగుందంటుందేమోనని ఆమె వైపు చూశాను. తల సీటుకు ఆనించి, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతోంది.

ఇప్పుడు ఇంట్లోనే కిటికీ మూసి, మెల్లిగా మొదలుపెడతాను. ఎవరూ చెవులు మూసుకోవడం లేదు. మధ్యాహ్నాలు మా అమ్మ నిద్రపోతుంది కూడా.