బాడుగ కారుకు బంధువులు

మా నాయనంత నిజాయితీపరుడు మార్కాపురంలో ఇంకొకడు లేడు. ఆ నిజాయితీతోనే ఒక మనిషి పొట్ట కొట్టాడు.

మాది బట్టల దుకాణం. గడప తొక్కిన ప్రతివాడూ ఆయనకు బంధువే. రైతు వస్తే మామ, కుర్రవాడు వస్తే అల్లుడు, ఆడమనిషి వస్తే అక్కో చెల్లెలో. చీర అమ్ముడుపోయేదాకా ఆ చుట్టరికానికి ఢోకా లేదు.

రాచర్ల ఊరాయన ఒకరి దగ్గర మేము కారు బాడుగకు తీసుకునేవాళ్లం. ఉన్న గొర్లు, మేకలు, జీవాలన్నీ అమ్మి, పైన ఫైనాన్సు తెచ్చి కొన్న కారు అది. ఇల్లు గడవడమంతా దాని మీదే. నంబరు ప్లేటు మాత్రం తెల్లది, అంటే కాగితాల ప్రకారం సొంతానికి వాడుకోవలసిన బండి. మా వైపు బాడుగ కార్లు చాలావరకు ఇంతే.

ఇంట్లో ఆడవాళ్లతో గిద్దలూరులో పెళ్లికి పోయి, నేనే నడుపుకుంటూ వస్తుంటే, కంభం దాటాక బర్రె అడ్డమొచ్చింది. దాన్ని తప్పించబోయి కల్వర్టుకు గుద్దాను. కారు ముందు భాగం నుజ్జయింది. బర్రె తాపీగా నడుచుకుంటూ పోయింది. మాకూ దెబ్బలేం తగల్లేదు.

కారు ఓనరు పరుగున వచ్చి ముందు మా ఒళ్లు తడిమి చూశాడు. ఆ తర్వాతే అసలు సంగతి చెప్పాడు. బాడుగకు ఇచ్చాడని తెలిస్తే ఇన్సూరెన్సు కంపెనీ పైసా ఇవ్వదు. చుట్టాలమని, పెళ్లికి అడిగి తీసుకుపోయామని మేమంటే చాలు. దానిదేముంది, అట్లాగే చెబుతామన్నాను. ఇంటికొచ్చి నాయనకూ చెప్పాను, ఆయనా తలూపాడు. అబద్ధమే. ఆ అబద్ధం మీదే ఇక్కడ కార్లు తిరుగుతున్నాయి.

ఇన్సూరెన్సు సర్వేయరు దుకాణానికే వచ్చాడు. కారు ఓనరు మీకేమవుతాడని అడిగితే బావ వరస అన్నాను. గల్లాపెట్టె దగ్గర నాయన తలెత్తాడు.

"బావ ఏందిరా? జీవాలు కాసుకునేటోళ్లు మనకు బావలెప్పుడైనారు? బాడుగ పారేసి తెచ్చుకున్నాం సార్. ఊరికే ఒకరి బండి ఎక్కే ఖర్మ మాకేంది?"

ఇంట్లో తలూపిన మనిషికి పరాయివాడి ముందు కులం గుర్తొచ్చింది. థూ! సర్వేయరు మొహం వెలిగిపోయింది. ఒక్క ముక్క పొల్లుపోకుండా రాసుకుని నాయన చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు. ప్రీమియం కట్టించుకునేటప్పుడు ఈ ఆరాలేవీ లేవు వాళ్లకు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నోరు మూసుకుని బట్టల తాన్లు సర్దుతూ నిలబడ్డాను.

క్లెయిము కొట్టేశారు. కంతులు ఆగిపోయేసరికి ఫైనాన్సువాళ్లు ఆ విరిగిన కారునే ఎత్తుకుపోయారు.

మనసొప్పక రాచర్ల వెళ్లాను. అప్పటికి ఆయన వేరేవాళ్ల జీవాల వెంట పోతున్నాడు. నాయన అట్లా అంటాడనుకోలేదు బావా, అని మొదలుపెట్టాను. ఆయన టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పెద్దాయన అబద్ధమేం చెప్పలేదులే. మనం ఒకరికొకరం ఏం కాం. టీ తాగి పో సార్."

సిగ్గు లేకుండా తాగి వచ్చాను.