దర్గా దీపం ఎటు వంగింది

మా ఊరి దర్గాలో దీపం మూరెడు సాగి మనిషిని పిలవడం నేను కళ్లారా చూశాను. ఈ జిల్లాలో ఇంకెవడైనా చూశానంటే నమ్మకండి, వాడు కోతలు కోస్తున్నట్టే.

మాది పత్తి, మిరప పండే నల్లరేగడి. చేల మధ్య ఒక పీరు సమాధి ఉంది. ఏ కులంవాడైనా మొదటి తీతలో గుప్పెడు పత్తి అక్కడ వత్తులకిచ్చాకే మిగతాది ఇంటికి తెస్తాడు. గాలి లేనప్పుడు ఆ దీపం ఎవరివైపు వంగితే వాళ్లను పీరు పిలుస్తున్నట్టట. పిలుపొచ్చినవాళ్లు మరుసటి ఏడు పత్తి తీయరని పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పేవారు.

పోయినేడు మా ఆవిడకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు గుంటూరు డాక్టర్లు. ఆవిడ ససేమిరా అంది.

"దీపాన్ని అడిగొస్తా. నావైపు వంగిందా, నన్ను కోయించొద్దు. ఇంట్లోనే పోతా."

గురువారం పొద్దు వాలుతుండగా వెళ్లాం. మిరపచేలో ఆకు కదలడం లేదు. గుమ్మం దాటగానే బయటి ట్రాక్టరు చప్పుడు ఎవరో నొక్కేసినట్టు ఆగిపోయింది. ఆకుపచ్చ చాదరు కప్పిన సమాధి, నిట్టనిలువుగా లేస్తున్న ఊదు పొగ. చాదరు కింద ఎవరో ఊపిరి బిగబట్టి మా మాటలు వింటున్నట్టుంది.

దర్గా చూసుకునే ముసలి ముజావరు మా పత్తిని అరచేతుల్లో నలిపి వత్తి చేసి వెలిగించాడు.

"పీరు ఎవర్నీ పిలవడమ్మా. పిలుపొస్తే వెళ్లినవాడే ఆయన కూడా," అన్నాడు.

మా ఆవిడ వినిపించుకోలేదు. ప్రమిదకు అటు ఆవిడ, ఇటు నేను కూర్చున్నాం. ముజావరు తలవంచి ఫాతిహా ప్రార్థన చదవసాగాడు.

అప్పుడు వంగింది. మూరెడన్నాను గదా, అబద్ధం. బెత్తెడు కూడా కాదు, బొటనవేలి గోరంత. కానీ వంగింది వంగినట్టే నిలిచిపోయింది, కనిపించని వేలేదో పట్టి లాగినట్టు. మా ఆవిడవైపే.

ఆవిడ మాత్రం చటుక్కున లేచింది.

"పదండి గుంటూరు. రేపే కోయించుకుంటా."

ఆపరేషన్ బాగా జరిగింది. పిలుపొచ్చిన పెళ్లాన్ని వెనక్కి తెచ్చుకున్న మొనగాణ్ణని ఊరంతా చెప్పుకు తిరిగాను. చేలో ఈ ఏటి పత్తికాయ పగలబోతోంది. నిన్న ఇదంతా రాసి చదివి వినిపిస్తుంటే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆవిడ చెయ్యి ఆపింది.

"చాల్లెండి మీ గొప్పలు. కళ్లు గట్టిగా మూసుకుని ఏడుస్తా కూర్చున్నారు, మీరేం చూశారంట?"

"చూశానే! నీవైపే గదా..."

"నావైపు కాదు. మీవైపు వంగింది. మిమ్మల్ని చూసుకోడానికి మనిషుండాలి గదాని లేచా."