జోరుగా తోలితే తెగుతుందా

ఒక్క మాట ఇన్నేళ్ళుగా నా గుండె మీద బండలా కూర్చుంది. అది నేనన్న మాటే. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎన్నో అవకాశాలు వచ్చాయి. ఒక్కటీ వాడుకోలేదు. నా పెళ్ళానికి చెప్పలేదు. మంచాన పడ్డ మా బాపు, ఏందిరా గట్లుంటున్నవ్ అని అడిగినప్పుడు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ధైర్యం అనుకోకండి. ఈ కాగితం కింద తన పేరు కూడా పెట్టలేనివాడికి ధైర్యం ఎక్కడిది?

నేను కార్ల మెకానిక్‌ని. చొప్పదండిలో, కరీంనగర్ రోడ్డు మీద చిన్న షెడ్డు. పక్క ఊరి సత్తన్న బండి నా దగ్గరికే వచ్చేది. వరి పండించుకునే మనిషి. తమ్ముడు దుబాయిలో ఉంటాడు. అవ్వకు, అంటే వాళ్ళ అమ్మకు, బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని ఆ తమ్ముడే పట్టుబట్టి ఒక పాత చిన్న కారు కొనిపించాడు. సత్తన్న దాన్ని ఎడ్లబండి తోలినట్టు తోలేవాడు. వెనక ఎన్ని హారన్లు మోగినా తొందరపడడు. నీకంటే మేకలమంద ముందు చేరుతుందన్నా అని నేను ఏడిపిస్తే నవ్వేవాడు.

టైమింగ్ బెల్టు మార్చాలని నేనే చెప్పాను. ఇంజను పక్కన మూత కింద ఉండే పళ్ళ రబ్బరు బెల్టు అది. పాతబడితే చెప్పాపెట్టకుండా తెగుతుంది. తెగిందా, బండి ఉన్నచోటే ఆగుతుంది. సత్తన్న సరేనని బండి వదిలి పోయాడు. సాయంత్రానికి ఇస్తానన్నాను.

మూత విప్పి కూర్చున్నాను. కరీంనగర్ దుకాణం వాళ్ళు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన బెల్టు మధ్యాహ్నం వచ్చింది. చూస్తే అది వేరే బండిది. వాళ్ళ తప్పు కూడా కాదు, ఫోన్లో మోడలు నేనే తప్పు చెప్పాను. రేపు రా అన్నా అంటే సత్తన్న రేపే వచ్చేవాడు. మారుమాట అనేవాడు కాదు. నన్ను తినేది అదే. ఏ కష్టం వచ్చి చేశాను ఆ పని? ఏ కష్టమూ లేదు. ఎదురుగా కొత్త షెడ్డు పడింది. వాళ్ళు చెప్పిన టైముకు బండి ఇస్తారని పేరు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అంతే, ఇంకేం లేదు.

పాత బెల్టును వంచి చూశాను. సన్నటి పగుళ్ళున్నాయి. ఇంకో నెల నడుస్తుందిలే అనిపించింది. ఆలోపు ఏదో సాకు చెప్పి పిలిచి మార్చేద్దాం అనుకుని, అదే మళ్ళీ ఎక్కించి మూత బిగించాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త సామాను వేస్తే పాతది ఓనరు చేతిలో పెట్టాలి. పెట్టకపోతే పని అయిందని ఎవరూ నమ్మరు. షెడ్డు మూలన ఇంకో కారు నుంచి తీసిన అరిగిపోయిన బెల్టు పడి ఉంది. దాన్ని తుడిచి సత్తన్న చేతిలో పెట్టాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికింది. ఆయన ఆ పగుళ్ళు చూసి, మంచిపని చేసినవ్ తమ్మీ అని నా భుజం తట్టి, అవ్వకు చూపిస్తానని దాన్ని ఇంటికి తీసుకుపోయాడు.

నెల దాటింది. మరిచిపోయానా? లేదు. మరిచిపోయి ఉంటే బాగుండేది. మధ్యలో ఒకసారి హారన్ మోగడం లేదని వచ్చాడు. షెడ్డు నిండా బండ్లు. బయటే నిలబెట్టి, హారన్ బాగుచేసి పంపాను. బెల్టు గుర్తొచ్చింది. వచ్చే వారం చూద్దాం అనుకున్నాను.

ఒక పొద్దున అవ్వకు ఛాతీలో నొప్పి లేచింది. సత్తన్న, ఆయన భార్య ఆమెను కార్లో వేసుకుని కరీంనగర్ బయలుదేరారు. సగం దారిలో ఇంజను ఆగిపోయింది. సత్తన్న రోడ్డుకు అడ్డం నిలబడి వచ్చేపోయే బండ్లకు చేతులూపాడట. ఒకటి ఆగి, ఆమెను అందులోకి ఎక్కించబోయేసరికే అయిపోయింది. వెనక సీట్లో, కోడలి ఒళ్ళో పోయింది.

కారును ట్రాక్టరుకు తాడు కట్టి నా షెడ్డుకే లాక్కొచ్చారు. ఇంకెవరి దగ్గరికి తీసుకుపోతారు? మూత నేనే విప్పాను. తెగిన బెల్టు చేతికొచ్చింది. బెల్టు తెగిందని లాక్కొచ్చినవాళ్ళకు చెప్పక తప్పలేదు. జేబులో కుక్కుకుని ఇంటికి పోయి పొయ్యిలో వేశాను. ఏం కాలుతుంది, ఇంత కంపు అని నా పెళ్ళాం అడిగింది. పాత చెప్పు అన్నాను.

దినాలు అయ్యాక సత్తన్న వచ్చాడు, గుండుతో. కారు సంగతి అడగలేదు. ముందు టైరు పక్కన గొంతుక్కూర్చుని, నేల చూస్తూ అడిగాడు.

"తమ్మీ, జోరుగ తోలితె బెల్టు తెగుతదా?"

నేను చేతిలోని పానాను గుడ్డతో తుడుస్తున్నాను.

"అవ్వ నొప్పితోని తన్లాడుతుంటె నా మనసు ఆగలే. ఎన్నడు తోలనంత జోరుగ తోలిన. గందుకే అడుగుతున్న. కొత్తదైనా తెగుతదా?"

"తెగుతదన్నా," అన్నాను. "ఒక్కోసారి తెగుతది."

ఆయన తలూపాడు. చాలాసేపు అలా ఊపుతూనే ఉన్నాడు.

"గట్లయితె అవ్వను నేనే సంపుకున్న తమ్మీ. మెల్లగ తోలితె చేరుతుంటిమి."

కాదన్నా, అనాలి. అనలేదు. లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగి, వస్త తమ్మీ అని లేచిపోయాడు.

బెల్టు మార్చకపోవడానికి నా దగ్గర సాకులున్నాయి. టైముకు చేరినా ఆమె బతికేదో లేదో ఎవరికి తెలుసు అని నన్ను నేను సముదాయించుకున్న రోజులున్నాయి. కానీ "తెగుతది" అన్నదానికి? ఎంత వెతికినా సాకు దొరకదు. అప్పటికి అవ్వ పోయింది. ఆమెకు నేను చేయగలిగింది ఏమీ లేదు. నా ముందు టైరు పక్కన కూర్చున్న మనిషి మాత్రం బతికే ఉన్నాడు, ఆయన్ని నిలబెట్టడానికి ఒక్క నిజం చాలు, ఆ నిజం నా నోట్లోనే ఉంది, అయినా నేను నన్నే కాపాడుకున్నాను. ఇది ఏ మనిషి చేసే పని?

దుబాయి నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే సత్తన్న అదే చెప్పాడట, నేనే జోరుగ తోలిన అని. తమ్ముడు మాట్లాడటం మానేశాడు. సెలవు మీద వచ్చినా అత్తగారింట్లో దిగి అటే పోతాడు. నేనిచ్చిన బెల్టు ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. అవ్వ దాన్ని మేకల దొడ్డి తడకకు కట్టింది. ఆమె చేత్తో కట్టిందని సత్తన్న ఎవరినీ విప్పనివ్వడు. అది ఆ కారుది కానే కాదు. ఈ పని తెలిసినవాడెవడైనా పొడుగు చూసి చెబుతాడు. ఆ వాకిట్లోకి పోయేవాళ్ళలో ఈ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

సత్తన్న మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. మొన్న కరీంనగర్ బస్సులో కనిపించాడు. ముసలోడైపోయాడు. బస్సు ఊరు దాటి వేగం అందుకోగానే లేచి, డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని, "జర మెల్లగ పోనియ్యి బిడ్డా," అన్నాడు. డ్రైవరు నవ్వాడు. బస్సులో నలుగురూ నవ్వారు. ఆయన కూర్చోలేదు, అలాగే నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉన్నాడు. నేను వెనక సీట్లో తలవంచుకుని కూర్చుని, నా స్టాపు రాకముందే దిగిపోయాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. చెప్పాల్సింది మీకు కాదు, ఆయనకు. అది నాకు తెలుసు. ఎప్పటికైనా చెబుతానా? నా మీద నాకు నమ్మకం లేదు. ఆయన అడిగినదానికి అసలు జవాబు ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉండాలని ఇదంతా రాశాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడింది. అంతకుమించి ఏమీ కాలేదు.

తెగదన్నా. కొత్త బెల్టు జోరుగ తోలితె తెగదు. నువ్వు తోలింది తప్పు కాదు. నేను బెల్టు మార్చలే.