గీత లోపలికి వెళ్లిన కాలు

శామీర్‌పేట దగ్గరి ఒక సర్కారు బడిలో నేను పీఈటీ టీచర్ని. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. నేర్పుతానంటే నోటితోనే. ఆరేళ్లలో వాళ్ల ముందు ఒక్కసారి కూడా బంతిని కాలితో తాకలేదు. మోకాలు బాగాలేదని చెప్పుకుంటాను. కాలేజీ జట్టుకు ఆడే రోజుల్లో దుండిగల్ వైపు ఒక మ్యాచ్‌లో కుడి మోకాలు దెబ్బతిన్న మాట నిజమే. డాక్టరు ఇక పోటీలు వద్దన్నాడు. కానీ అసలు సంగతి వేరు. ఒక్కసారి తాకానంటే మళ్లీ ఆడాలనిపిస్తుంది. ఆ ఆరాటం మొదలైతే తట్టుకోవడం నావల్ల కాదు.

సాయంత్రం బస్సులో ఇంటికి వెళుతూ, ఖాళీ జాగాల్లో ఎవరు ఆడుతున్నా కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తాను. ఇప్పుడు ఆ జాగాల్లో చాలావాటిలో ఇళ్ల ప్లాట్లకని వెంచర్ రాళ్లు పాతారు.

బడిలో మాత్రం గ్రౌండ్ గీత బయట నిలబడి అరుస్తాను. నా నోటికి పిల్లలు హడలిపోతారు. వాళ్లు పరుగెత్తుతుంటే నా కాళ్లూ నిలవవు, చెప్పులతోనే ఉత్త గాలిని తన్నుతుంటాను. చాటుగా నన్ను అనుకరించి నవ్వుకుంటారని తెలుసు. తెలియనట్టే ఉంటాను.

మొన్న మేడ్చల్‌లో మండల పోటీల ఆఖరి మ్యాచ్. గెలిస్తే జిల్లాకు వెళతాం. మా బడి పిల్లలు ఎన్నడూ అంతదాకా వెళ్లలేదు. అయిదు నిమిషాలుందనగా కూడా ఎవరికీ గోల్ లేదు. మా కెప్టెన్, చెరువులో చేపలు పట్టేవాళ్ల పిల్ల, బంతిని ముందుకు తన్ని గీత వెంట దూసుకొస్తోంది. బంతి నా వైపే వచ్చింది. గీతకు ఇంకా జానెడు లోపలే ఉంది. నా కుడికాలు దానంతటదే ముందుకు వెళ్లి బంతిని తొక్కిపట్టింది.

ఎంత చక్కగా ఆగిందో. ఆ క్షణం నాకు పోటీ గుర్తులేదు, పిల్లలు గుర్తులేరు. పాపిష్టిదాన్ని, సంతోషపడ్డాను. తర్వాత విజిల్ వినిపించింది.

రిఫరీ అవతలి జట్టుకు ఫ్రీ కిక్ ఇచ్చాడు. దాని మీదే వాళ్లు గోల్ కొట్టారు, మేం ఓడిపోయాం.

తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో తప్పు నాదేనన్నాను. కెప్టెన్ రోడ్డు వైపు చూస్తూ, "బాల్ బైటికి పోయేది గాదు మేడమ్. నేను అందుకుంటుంటి," అంది. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

సోమవారం పొద్దున గ్రౌండ్‌కి వెళ్లేసరికి, సైడ్ గీతకు మూడడుగుల వెనక సున్నంతో ఇంకో గీత గీసి ఉంది.

"గిది మీ గీత మేడమ్. మ్యాచ్ నడుస్తుంటె దీన్ని దాటొద్దు," అంది కెప్టెన్.

ఎవరూ నవ్వలేదు. నేను బుద్ధిగా దాని వెనక నిలబడ్డాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ పిల్ల బంతి పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"గంత జోరుగొచ్చె బాల్‌ను ఎట్ల ఆపిండ్రు? కదలనే లేదు. ఇప్పుడు మ్యాచ్ లేదు గద, మాకు ఒక్కపారి సూపెట్టుండ్రి."

బూట్లు లేవన్నాను.

"మీ సంచిలున్నయి గద మేడమ్. దెబ్బల మందు తీసేటప్పుడు రోజు సూస్తనే ఉన్నం."

కాలేజీ నాటివి. ఆరేళ్లుగా సంచి అడుగున గుడ్డలో చుట్టి మోస్తున్నాను. నేల మీద కూర్చుని వాటిని బయటికి తీశాను. లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.