లైను చివరి ఇల్లు

నా చిన్నప్పుడు నందికొట్కూరులో మా ఇంటి గేటుకు ఒక మేకు ఉండేది. పై పోర్షన్ ఖాళీ అయినప్పుడల్లా "ఇల్లు బాడుగకు ఇవ్వబడును" అని రాసిన రేకు బోర్డును మా తాత దానికి తగిలించమనేవాడు. ఎవరైనా దిగగానే తీసి లోపల పెట్టమనేవాడు. రెండూ నా పనులే. నాకు ఇష్టమైన పనులు కూడా. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండటం నాకు అప్పట్లోనే ఒక పిచ్చి.

ఆ పిచ్చి తాత నుంచి వచ్చిందేమో. బజారులో మాకు పప్పుల అంగడి. తాత గుప్పెడు కందిపప్పు అరచేతిలో పోసుకుని వేలితో ఒకసారి కదిపితే చాలు, అది మొదటి రకమో, రెండో రకమో, నూకో చెప్పేసేవాడు. ఆ రకాలను విడదీసేది మాత్రం ఒక ఆడమనిషి. మా పెరట్లో గోనెపట్టా మీద కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెరిగేది. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె అక్కడ ఉంది. ఆమె చెరిగిన పప్పులో రాయి తగలదని ఊరంతా అనేవాళ్ళు. మేము తిన్న ప్రతి గింజా ఆమె చేటలోంచి వచ్చిందే. కొన్నేళ్ళకు ఆ దుమ్ముకు ఆమెకు ఆయాసం పట్టుకుంది. చెరగడం మానేసింది. ఊరి చివర, పప్పు మిల్లు వెనక ఉన్న కాలనీలో ఇంటికే పరిమితమైపోయింది.

ఆమె కూతురిని మేము నర్సక్క అనేవాళ్ళం. కర్నూలులో నర్సింగు చదివి, ఇంగ్లండులో ముసలివాళ్ళను చూసుకునే ఒక హోంలో ఉద్యోగానికి వెళ్ళింది. నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు, ఎండలు ముదరకముందే సెలవు మీద వచ్చింది. తల్లి కోసం ఒక మిషను కొన్నది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నటి గొట్టంతో ముక్కుకు అందించే మిషను. డాక్టరు రెండు మాటలు చెప్పాడట. రాత్రింబవళ్ళు అది నడవాలి. దుమ్ముకు దూరంగా ఉండాలి. కాలనీలో రెండూ కుదరలేదు. మిల్లు పొట్టు ఇంట్లోకే వచ్చి పడేది. సాయంత్రమైతే కరెంటు ఉన్నట్టే ఉండి బల్బు నారింజ రంగుకు తిరిగేది. స్టెబిలైజరు పెడితే అది టక్కుమని తానే ఆగిపోయేది. బజారు వీధిలో అలా కాదు. మా ఇంట్లో ఫ్యాను రాత్రంతా ఒకే వేగంతో తిరిగేది.

ఒకరోజు పొద్దున నర్సక్క మా ఇంటికి వచ్చింది. తాత వరండాలో ఉన్నాడు.

"రామ్మా, రా. ఎప్పుడొచ్చినావు? మీయమ్మ ఎట్లుండాది?"

"అట్లే ఉండాది తాతా."

"కూచో" అని తాత చేయి ఊపాడు. ఎక్కడ అన్నది ఆ చేయి చెప్పలేదు. గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. నర్సక్క దాన్ని లాక్కుని కూర్చుంది. తాత చూపు ఒక్క క్షణం కుర్చీ కాళ్ళ మీదికి పోయి, తిరిగి ఆమె ముఖం మీదికి వచ్చింది. వాళ్ళమ్మ మా ఇంట్లో గోనెపట్టా మీద తప్ప దేని మీదా కూర్చోగా నేను చూడలేదు.

ఆ వారమే మా సోషల్ సారు ఇంగ్లండులో కులాలుండవని, పైవాళ్ళు, నడిమివాళ్ళు, కిందివాళ్ళు అని మూడు అంతస్తులు ఉంటాయని చెప్పారు. దేన్ని బట్టి సార్ అంటే, డబ్బును బట్టి అని పాఠం ముగించారు. ఆ జవాబు నాకు సరిపోలేదు. డబ్బు వస్తుంది, పోతుంది. వచ్చిన రోజు మనిషి పైకీ, పోయిన రోజు కిందికీ మారుతుంటాడా? నర్సక్కను అడిగేశాను.

ఆమె నవ్వింది. "మీ సారుకు ఏం తెలుసురా! మా హోంలో ఒక ముసలామె ఉండాది. వాళ్ళ నాయనకు ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళుండేవంట. ఇప్పుడు పైసా లేదు, హోం ఖర్చు గవర్నమెంటే కడ్తాంది. మోచేతుల కాడ చిరిగిపోయిన స్వెట్టరే యేడాదంతా. ఇంకొకాయన ఉండాడు. మురుగు మోరీలు బాగుచేసే పనితో మొదలుపెట్టి పెద్ద కంపెనీ పెట్టినాడు. తలుసుకుంటే ఆ హోమునే కొంటాడు. ఇద్దర్లో ఎవరు పెద్దోళ్ళు, చెప్పు?"

"ఆయప్పే" అన్నాను.

"కాదు. ఆ చిరుగుల స్వెట్టరామె."

తాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అదెట్లమ్మా?"

నర్సక్క చెప్పుకుంటూ పోయింది. నేను వేళ్ళు ముడుస్తూ విన్నాను. అక్కడ మొదట పట్టించేది మాట తీరట. ఏ ఊరి యాస, ఏ బడి యాస అన్నది రెండు మాటల్లో తేలిపోతుంది. తర్వాత బడి. నువ్వు ఎంత చదివావన్నది కాదు, చిన్నప్పుడు ఎక్కడ చదివావన్నది. తర్వాత తండ్రి ఏం పని చేశాడన్నది. తర్వాత ఎవరెవరు తెలుసన్నది. గవర్నమెంటు కాగితాల్లో మాత్రం ఏం ఉద్యోగం, ఎవరి చేతి కింద అని చూసి లెక్క కడతారట. ఇంట్లో సామాను సైతం పట్టిస్తుందట. కొత్త సోఫా కొనుక్కున్నవాడు కిందివాడు, తాతల నాటి కుంగిపోయిన సోఫాలో కూర్చున్నవాడు పైవాడు.

"రాత్రి తిండిని ఒకరు టీ అంటారు, ఒకరు డిన్నర్ అంటారు, ఒకరు సప్పర్ అంటారు. తినేది అందరూ ఆ ఉర్లగడ్డే తాతా. ఆయన శానా కష్టపడి అన్నీ నేర్చుకున్నాడు. ఆమె మాదిరే తింటాడు, ఆమె మాదిరే తొడుక్కుంటాడు. వినపడకపోతే ఆమె 'వాట్' అని గదమాయిస్తాది. ఈయన 'పార్డన్' అని మర్యాదగా అడుగుతాడు. ఆ మర్యాదే ఆయన్ను పట్టిచ్చేది. ఒకరోజు తినేకాడ ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంటే కూచుందామని వచ్చినాడు. ఆమె ఏం అన్లేదు. తన చేతిసంచి తీసి ఆ కుర్చీలో పెట్టింది. ఆయన నిలబడి, నిలబడి, వెనక్కి పోయినాడు."

తాత తొడ చరుచుకుని నవ్వాడు. "దుడ్లుండి ఏం లాభం! ముసిల్ది పక్కన కూచోనియ్యలా! చచ్చే కాలానికి గూడా ఆ టెక్కేందమ్మా వాళ్ళకు? బుద్ధి లేని జనం!" నవ్వు ఆగాక మళ్ళీ అడిగాడు. "మరి నిన్ను యాడ పెట్నారు?"

"నన్నా? నన్ను లెక్కలోకే తీసుకోరు తాతా. బయటిదాన్ని. నా మాటను బట్టి వాళ్ళకేం తెలీదు. అందుకే నా ముందర అన్నీ మాట్లాడుకుంటారు."

తాత ఇంకోసారి నవ్వి "బుద్ధి లేని జనం" అన్నాడు. ఆ మాట రెండోసారి వచ్చేదాకా నర్సక్క ఆగిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. కథ చెప్పడానికి రాలేదు ఆమె. అడగడానికి వచ్చింది. నేను ప్రశ్న వేయకపోయినా ఏదో ఒక దారిన ఆ ముసలామె చేతిసంచి దగ్గరికి వచ్చేదే. నవ్విన మనిషి ఆ వెంటనే అదే పని చేయలేడని నమ్మింది.

"అదే తాతా" అంది నెమ్మదిగా. "పైన పోర్షన్ ఖాళీగా ఉండాదని బోర్డు చూసినా. అమ్మకు అడుగుదామని వచ్చినా. ఆ మిషనుకు కరెంటు నిలకడగా ఉండాల. మా ఇంట్లో నిలబడ్తాలేదు."

లోపల అవ్వ గిన్నెల చప్పుడు ఆగింది. తాత తువాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"మెట్లుండాయి కదమ్మా. మీయమ్మ ఎక్కలేదు."

"ఒక్కసారి ఎక్కుతాది. మేం ఎత్తుకుంటాం. మళ్ళ దిగే పనేముండాది ఆమెకు?"

"మా ఇంట్లో నీసు..."

"డాక్టరు మానమన్నప్పట్నుంచి మానేసింది తాతా. పైన నీసు వండం. పొయ్యి మీరే వచ్చి చూసుకోండి."

"ఆ మిషను రాత్రంతా గుర్రుమంటాదేమో."

"ఫ్యాను కంటే ఎక్కువ అనదు."

నేను మళ్ళీ వేళ్ళు ముడుస్తున్నాను. తాత పెట్టిన ప్రతి అడ్డునూ ఆమె తీసేస్తోంది. లెక్క ప్రకారం ఇక ఏమీ మిగలలేదు. ఇల్లు ఇచ్చేసినట్టే అనుకున్నాను. బోర్డు తీసే పని పడబోతుందని సంబరపడ్డాను.

తాత గేటు వైపు చూస్తూ అన్నాడు. "మా తమ్ముని కొడుకు వస్తామంటాండాడమ్మా. మాటిచ్చేసినా. లేకుంటే నీకు కాదంటానా? నువ్వు మా ఇంటి పిల్లవు."

నర్సక్క "సరే తాతా" అని లేచింది. తాను కూర్చున్న కుర్చీని ఎత్తి, ముందు ఎక్కడుందో సరిగ్గా అక్కడ, గోడకు ఆనించి పెట్టింది. తాత నా వైపు తిరిగి "ఆ బోర్డు తీసి లోపల పెట్టురా" అన్నాడు. లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. "మంచి పిల్లే, పాపం."

నేను ఆమె వెనకే గేటు దాకా వెళ్ళాను. బోర్డు తీస్తుంటే ఆగింది. "జాగర్తరా, మేకు గీసుకుంటాది" అని బోర్డు రెండో అంచు తానే పట్టుకుంది. నాకింకా నా లెక్కే తెగలేదు. ఆ మోరీలాయన అన్నీ నేర్చుకున్నాడు కదా, ఇంకేం తక్కువైందని అడిగాను. ఆమె బోర్డును నా చేతుల్లో సర్దుతూ అంది.

"ఆడ నోరు తెరిస్తే తెలుస్తాది నాయనా. ఈడ నేను తెరవకముందే మీ తాతకు తెలుసు."

మాకంటే ముందే ఆ వీధిలో చాలా ఇళ్ళు అడిగిందని తర్వాత విన్నాను. మా తాత వాళ్ళమ్మను ఎన్నో ఏళ్ళుగా ఎరిగినవాడని మమ్మల్ని చివరికి దాచుకుందట. సెలవు అయిపోయింది. మిషనును కాలనీలోనే పెట్టించి, పక్కింటివాళ్ళకు ఎలా వాడాలో నేర్పించి వెళ్ళిపోయింది. ఆమె బస్సెక్కిన మరునాడు తాత బోర్డును మళ్ళీ తగిలించమన్నాడు. తమ్ముడి కొడుకు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

కొన్నాళ్ళకు బ్యాంకులో పనిచేసే ఒకాయన ఇల్లు చూడ్డానికి వచ్చాడు. తాత ఆయన్ను జీతం అడగలేదు, ఇంట్లో ఎంతమంది అని కూడా అడగలేదు. "మీదే ఊరప్పా? ఇంటిపేరేం? ఆ ఊర్లో ఫలానా వాళ్ళు మీకేమైతారు?" అన్నాడు. మూడో జవాబు దగ్గర తాత ముఖం విప్పారింది. మెట్ల మాట రాలేదు. ఆయన దిగాడు. నేను బోర్డు తీశాను.

ఆ ఎండాకాలం, ఊళ్ళో అన్ని ఫ్యాన్లూ ఒకేసారి తిరిగే ఒక సాయంత్రం, కాలనీలో మిషను ఆగిపోయింది. కరెంటు పోలేదు. తగ్గింది, అంతే. పక్కింటివాళ్ళు ఆటో తెచ్చేలోపు నర్సక్క తల్లి ఊపిరి ఆగిపోయింది. తాత వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళాడు. ఆ ఇంటి ముందు వీధిలో నిలబడి నిజంగానే ఏడ్చాడు. "ఆమె చెరిగిన పప్పులో రాయి తగిలేది కాదు" అని అందరికీ చెప్పాడు. గడప మాత్రం దాటలేదు. నర్సక్క రాలేకపోయింది. ఆ తర్వాత ఆమె మా ఊరికి వచ్చినట్టు నేను వినలేదు.

మా తాత చెడ్డవాడు కాదు. ఇది నేను ఆయన్ను వెనకేసుకు రావడానికి రాయడం లేదు. చెడ్డవాడైతే ఈ సంగతి ఇంత బరువుగా ఉండేది కాదు. నర్సక్కను నిజంగానే మా ఇంటి పిల్ల అనుకున్నాడు. ఆ కన్నీళ్ళూ నిజమే. ఇంగ్లండు ముసలామె సంగతి విని నవ్విన నవ్వు కూడా నిజమే. వేరేవాళ్ళ చేతిసంచి ఎవరికైనా కనిపిస్తుంది. మన బోర్డు మనకు బోర్డులాగే కనిపిస్తుంది.

నేను కరెంటు ఇంజనీరునయ్యాను. ఆ సాయంత్రం ఏం జరిగిందో ఇప్పుడు లెక్కలతో చెప్పగలను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లైను దూరం పోయేకొద్దీ, దారిలో ప్రతి ఇల్లూ తన వాటా తీసుకునేకొద్దీ, వోల్టేజి పడిపోతుంది. చివరి ఇంటికి మిగిలింది చేరుతుంది. దీనికి మందు ఉంది. తీగ మార్చవచ్చు, ట్రాన్స్‌ఫార్మరును దగ్గరికి జరపవచ్చు. ఏ ఊరికి ఈ పని మీద వెళ్ళినా నేను సబ్‌స్టేషన్ దగ్గర మొదలుపెట్టను. పొద్దు వాలాక, లోడు ఎక్కువున్న వేళ, లైను చివరి ఇంటికి నడిచి వెళ్ళి వోల్టేజి కొలిచే మీటరు అక్కడ పెడతాను. మా పెరట్లో పప్పు చెరిగిన ఆమె కోసం ఇప్పుడు చేయగలిగింది అంతే.

కానీ ఒక సంగతి ఉంది. ఆ చివరి ఇంటికి నేను ఎవరినీ దారి అడగను. ఊళ్ళోకి అడుగుపెట్టగానే అది ఏ వైపు ఉంటుందో, అందులో ఎవరు ఉంటారో, తలుపు తీసే మనిషి నోరు తెరవకముందే నాకు తెలిసిపోతుంది. ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు. మీటరు పెట్టే ముందు ఎప్పుడూ ఒక క్షణం ఆగుతాను. మా తాత చూపు నాలో ఎక్కడుందో వెతుక్కుంటాను.