సింహాద్రి పాస్ ఎందుకన్నాడు

ఒక్క మాట ఇన్నేళ్ళుగా నా గుండెల మీద బరువుగా ఉంది. అనవలసిన చోట అనకుండా మింగేసిన మాట. నా భార్యకు చెప్పలేదు. గుళ్ళో దేవుడి ముందు కూడా పెదవి విప్పలేదు. నేనెవరో తెలియని మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి.

ముందు ఒక సంగతి గర్వంగానే చెప్పుకోనివ్వండి. ఈ దీవిలో మన తెలుగువాళ్ళలో బ్రిడ్జి ఆట నా అంత ఎరిగినవాడు ఆ రోజుల్లో లేడు. మా తాత చెరుకు తోటలో పనికి ఓడ దిగినవాడు. నేను ప్రభుత్వ కచేరీలో కుర్చీ సంపాదించినవాణ్ణి. ఫీనిక్స్ ఊళ్ళో గుమస్తాలూ పంతుళ్ళూ కలిసి పెట్టుకున్న మా క్లబ్బులో ఎవరి పాట మీద ఎవరికి అనుమానం వచ్చినా తీర్పు కోసం నా వైపే చూసేవారు.

అందులోనూ సాంజటూ పాట. తురుపు లేకుండానే ఆడతానని పాడడం అన్నమాట. చేతిలో ఆసులూ రాజులూ దండిగా ఉన్నవాడు పాడాలి. ఏమీ లేనివాడు కూడా ఎదుటివాళ్ళను బెదరగొట్టడానికి ఒక్కోసారి పాడతాడు. అది తెగింపు, తప్పేం లేదు. ఆ సంగతి తన జోడీకి మాత్రం సైగతో తెలియజేస్తే అది మోసం. గొంతు మార్చి పాడేవాళ్ళనీ, ముక్కలు పట్టుకునే తీరులో కబురు దాచేవాళ్ళనీ ఎందరినో పట్టుకున్నాను. ఇక నా సంగతంటారా, నన్ను చూసి నా చేతిలో ఏముందో చెప్పగలిగినవాడు లేడని పేరు. ఆ పేరంటే నాకెంత ఇష్టమో! ఇప్పటికీ ఇష్టమే.

సింహాద్రి నా భార్యకు తమ్ముడు. టేర్ రూజ్‌లో బడిపంతులు. ఆదివారం పొద్దున గుడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, భజన ముందుండి పాడేవాడు. వాడికి ఆట నేర్పింది నేనే. సెలవు రోజున రైలెక్కి వచ్చి, అక్క వడ్డించింది తిని, నా ఎదురుగా కూర్చునేవాడు. చెప్పింది చెప్పినట్టు పట్టేవాడు. చెప్పనిది కూడా పట్టేవాడని అప్పట్లో నాకు తెలియదు.

ఒక ఏడు రాజధాని పోర్ట్ లూయీలోని దొరల క్లబ్బు మమ్మల్ని పోటీకి పిలిచింది. మనవాళ్ళు ఆ బల్లల దగ్గర కూర్చోవడం అదే మొదలు. జట్టులో ఎవరుండాలో తేల్చుకోవడానికి ముందు మాలో మేమే ఆడాం. సింహాద్రికి జోడీ గురయ్య, సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడు. నాకు జోడీ కస్టమ్స్‌లో పనిచేసే ఒక తమిళ మిత్రుడు.

గురయ్య ముక్కలు పంచి, "సాంజటూ" అన్నాడు. తర్వాత పాడవలసింది నేను. నా చేతిలో మూడు ఆసులు, మూడు రాజులు! ఇన్ని నా దగ్గరుంటే గురయ్యకు ఇంకేం మిగిలి ఉంటాయి? ఉత్త బెదిరింపు. డబుల్ అని వాళ్ళ నష్టం రెట్టింపు చేయవచ్చు. అనలేదు. సింహాద్రి జోడీని నమ్మి ఇంకా పైకి పాడితే ఇద్దరినీ ఒక్కసారే ముంచవచ్చని ఆశ. ఏమీ పాడనని మామూలు గొంతుతో "పాస్" అన్నాను.

సింహాద్రి తలెత్తి చూశాడు. కాసేపు ఆలోచించాడు. "పాస్" అన్నాడు.

ఆట ముగిసింది. వాళ్ళు కొద్దిపాటి నష్టంతో బయటపడ్డారు. అందరికీ కనబడేలా బల్ల మీద పరిచిన సింహాద్రి చేతిలో ఒక ఆసు, ఒక రాజు, మూడు రాణులు. నా జోడీ మండిపడ్డాడు.

"ఇంత చెయ్యి పెట్టుకుని ఎవడైనా పాస్ అంటాడా? గురయ్యది ఉత్త బెదిరింపని వీడికి ముందే తెలుసు. కోకెన్ సా! మోసం!"

క్లబ్బు అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. నిజాయితీగా పాస్ అనడానికి ఏదైనా కారణం ఉందా?"

ఉంది. అది నాకు తెలుసు. సింహాద్రి తలెత్తి చూసింది గురయ్య వైపు కాదు, నా చేతి వైపు. వాడి చూపు వెంటే అప్పుడు నేనూ కిందికి చూసుకున్నాను. విసనకర్రలా పరిచి పట్టుకోవలసిన ముక్కల్ని మూసేసి, బల్ల మీద పెట్టి, పైన బొటనవేలు అదిమి ఉంచాను. గొప్ప చెయ్యి వచ్చినప్పుడల్లా అలాగే చేసేవాణ్ణేమో. నాకే తెలియదు. వాడికి తెలుసు. బావ దగ్గర అన్నీ ఉంటే గురయ్య దగ్గర ఏమీ లేనట్టే. ఎదుటివాణ్ణి గమనించి ఆడడం మోసం కాదు. అలా ఆడమని నేర్పింది నేనే.

ఆ ముక్క వాడే చెప్పవచ్చు. చెప్పలేదు. నా వంక చూస్తూ నిలబడ్డాడు.

"నాకే కారణమూ కనబడడం లేదు" అన్నాను.

జట్టులోంచి సింహాద్రి, గురయ్యల పేర్లు కొట్టేశారు. సాయంత్రం స్టేషన్‌లో వాడు నన్ను ఆపాడు.

"మో పా కోకెన్, బావా. నాను మోసం సెయ్యనేదు. నీకు తెలుసు."

"అయితే అక్కడే చెప్పాల్సింది."

"అందరి ముందరా? మా బావ సెయ్యి సూసి పట్టేసినానని ఎలా సెప్పేది? నీ పరువు పోదా? నువ్వే సెప్తావనుకున్నాను."

రైలు వచ్చింది. వాడు ఎక్కాడు.

దొరల మీద మేము గెలిచాం. నిజంగా గెలిచాం. ఒక ముసలి తోటదారు కుర్చీలోంచి లేచి నా చెయ్యి అందుకున్నాడు. మాంటాన్ బ్లాంష్ దాకా మనవాళ్ళు ఆ ముచ్చట చెప్పుకున్నారు. ఆ గెలుపును తలుచుకుంటే ఇవాళ కూడా వెన్ను నిటారవుతుంది. జట్టు పరువు కోసమే నోరు మూసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జట్టు పరువా? ఆ క్షణాన జట్టు నాకు గుర్తుందా? నా చేతిని ఒకడు చదివాడన్న మాట నలుగురికీ తెలియకూడదు. అంతే. దాని కోసం నా ఇంటి పిల్లవాణ్ణి దొంగను చేశాను.

సింహాద్రి మళ్ళీ ముక్క ముట్టలేదు. మోసగాడు భజన పాడించడమేమిటని టేర్ రూజ్‌లో ఎవరో అన్నారట. వాడే లేచి వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాడట. మా ఇంటికి రావడం మాత్రం మానలేదు. వచ్చినప్పుడల్లా "బావా, బాగున్నావా?" అని పలకరించేవాడు. నా భార్య ఒకే ఒకసారి అడిగింది, "మా తమ్ముడు నిజంగా ఆ పని చేశాడా?" అని. "ఆటలో అలాంటివి మామూలే" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నిరుడు వాడు మలేరియాతో చనిపోయాడు.

నేను చూసిన ఆటగాళ్ళలో వాడిని మించినవాడు లేడు. వాడు నా శిష్యుడు. ఈ మాట రాస్తుంటే నాలో పొంగుతున్నది గర్వమే. సిగ్గు రావలసిన చోట గర్వం వస్తోంది, ఏం చేయను? రెండూ కలిసే వస్తున్నాయేమో. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించగలిగినవాడు వాడొక్కడే.

సింహాద్రి మోసం చేయలేదు. నన్ను చూసి పాస్ అన్నాడు. అధ్యక్షుడు అడిగినప్పుడు నేను చెప్పవలసిన జవాబు ఇది. ఇప్పుడు చెప్పాను.