ఏ.డి.గారికి గురులింగప్ప జవాబు

బ్యాంకు నుంచి ఫోనుకు మెసేజీ వస్తే కూర్చుని ఉత్తరం రాసి జవాబిచ్చే మనిషి జహీరాబాద్ మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు గురులింగప్ప. మనమైతే ఏం చేస్తాం? ఫోను టింగుమంటే చూస్తాం, డబ్బు పడితే సంతోషిస్తాం, పోతే తిట్టుకుంటాం, అంతటితో సరి. గురులింగప్ప అలా కాదు. కళ్ళజోడు తుడుచుకుని మెసేజీని మూడుసార్లు చదువుతాడు. కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతుల్లో జవాబు రాస్తాడు. మర్నాడు బ్యాంకు షట్టరు లేచే వేళకు మెట్ల మీద తయారుగా ఉంటాడు.

ఆయన ముప్పయ్యారేళ్ళు పోస్ట్‌మన్‌గా చేశాడు. కోహీర్ వైపు, ఝరాసంగం వైపు ఆయన సైకిలు తిరగని ఎర్రమట్టి బాట లేదు. జాబు వచ్చాక జవాబు పోకపోతే అవతల ఎవరో గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటారని ఆయన నమ్మకం. రిటైరై పదేళ్ళయినా ఆ ఎదురుచూసే మనిషి ఆయన కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

బ్యాంకులో ఆ ఉత్తరాలు తీసుకునే పని కృపది. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చి, మూడో కౌంటర్లో కూర్చునే కొత్త క్లర్కు ఆమె. చేరిన వారానికే గురులింగప్ప మొదటి ఉత్తరం ఆమె ముందు పెట్టి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర కొట్టమన్నాడు. కృప చదివింది.

"మహారాజశ్రీ ఏ.డి.గారికి, జహీరాబాద్ నుంచి గురులింగప్ప నమస్కరించి వ్రాయునది. మీరు పంపిన మెసేజీ నిన్న పగలు రెండు గంటల పది నిమిషాలకు అందినది. నా ఖాతాలో నూట పద్దెనిమిది రూపాయలు తగ్గినవని తెలియజేసితిరి. తగ్గిన సంగతి తెలిసినది గాని ఎందుకు తగ్గినవో మీరు వ్రాయలేదు. ఇక్కడ కంది కోతలు నడుచుచున్నవి. మీ ఆరోగ్యము జాగ్రత్త."

ఏ.డి. అంటే ఎవరని కృప అడిగింది. గురులింగప్ప జాలిగా చూసి, మీ ఆఫీసాయన పేరు నీకే తెలియదా అంటూ ఫోను చూపించాడు. మెసేజీ పంపినవారి పేరు ఉండే చోట ఏ.డి. అని రెండు అక్షరాలున్నాయి, వాటి పక్కన బ్యాంకు పేరు. అది మనిషి కాదు తాతా, కంప్యూటరు అని కృప పావుగంట చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, ముద్ర కొట్టమన్నాడు.

మేనేజరు మదన్‌మోహన్ తన గదిలోంచి అంతా చూసి కృపను పిలిచాడు. "చదవొద్దమ్మా. చదివితే గంట, ముద్ర కొడితే నిమిషం. కొట్టి పంపెయ్" అన్నాడు. మంచివాడే పాపం. రెండేళ్ళ నుంచి ఆ ఉత్తరాలతో వేగుతున్నాడు మరి.

కృప అలాగే ముద్ర కొట్టేది, తారీకు వేసేది, సంతకం పెట్టేది. మొదట్లో మాత్రం భోజనం వేళ సొరుగు తీసి దొంగతనంగా చదువుకునేది. గురులింగప్ప లోకంలో ఏ.డి. ఒక్కడే లేడు. వి.ఎం. అని ఇంకొకాయన ఉన్నాడు. ఆరంకెల రహస్యం పంపి ఎవరికీ చెప్పొద్దనే మనిషి. ఆయనకు రాసిన జవాబు ఇది: "మీరు నమ్మి చెప్పిన అంకెలు నా భార్య మహాదేవమ్మకు కూడ చెప్పలేదు. ఆమె రెండు దినముల నుండి నాతో మాట్లాడుట లేదు. అయినను మాట తప్పను." జె.కె. అనే మూడో ఆయన ఒకసారి మీకు ఐదు లక్షల అప్పు సిద్ధంగా ఉందని కబురు పెట్టాడు. "మీది పెద్ద మనసు. నాకు ప్రస్తుతము అవసరము లేదు. మీకే ఏదైనా ఇబ్బంది ఉన్నచో మొహమాటపడవద్దు, నా వద్ద ఎనిమిది వేలున్నవి" అని గురులింగప్ప రాశాడు.

పుట్టినరోజు శుభాకాంక్షల మెసేజీ వచ్చిన మర్నాడైతే ఉత్తరంతో పాటు పావుకిలో పేడాలు తెచ్చి, ఏ.డి.గారికి అందజేయమని ఇచ్చాడు. ఏ.డి.గారి తరఫున స్టాఫంతా తిన్నారు. మదన్‌మోహన్ రెండు తిన్నాడు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక, పైన ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే, బొంబాయి రోడ్డు మీద చెరకు లారీల చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంటే, కృపకు కళ్ళు తెరిచి ఉండగానే ఏ.డి. కనిపించేవాడు. పొడుగాటి భవనం, పొడుగాటి వరండా, చివరి గదిలో కిటికీ పక్కన బక్కపల్చటి మనిషి. పొద్దున్నించి సాయంత్రం దాకా కోట్ల మందికి కబుర్లు పంపుతూ ఉంటాడు. ఒక్కరూ పలకరు. సాయంత్రానికి ఒక్క ఉత్తరం వస్తుంది, కంది కోతలు నడుచుచున్నవి అని. ఆయన కిటికీ తెరిచి బయటికి చూస్తాడు. అప్పుడే ఎవరో పాస్‌బుక్కు ఆమె ముందు తోసేవారు, భవనం మాయమయ్యేది.

ఆ మధ్యాహ్నాల్లోనే తారాబాయి వచ్చింది. చిరాగ్‌పల్లిలో ఉంటుంది, బట్టలు కుడుతుంది. ఒక ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకుని కరెంటు కుట్టుమిషను కొన్నది. నెలకు పదహారువందల యాభై కిస్తు, ఐదో తారీకున బ్యాంకు ఖాతాలోంచే పోతుంది. అంతా బాగానే ఉండగా ఆమె భర్త లారీ మీద మూటలు దింపుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో ఒక్కరి సంపాదనే మిగిలింది. ఐదో తారీకుకు ఖాతాలో డబ్బులుండేవి కావు. కంపెనీవాళ్ళు ఐదున ఒకసారి, పదిన ఒకసారి, పదిహేనున ఒకసారి ప్రయత్నించేవారు. డబ్బులు లేక కిస్తు వెనక్కి పోయిన ప్రతిసారీ బ్యాంకు రెండువందల తొంభై ఐదు పట్టుకునేది. ఆరు నెలల్లో పద్దెనిమిది సార్లు. ఐదువేల మూడువందల పది. కూలి డబ్బులు పడితే చాలు, ముందు బ్యాంకే మింగేది. మళ్ళీ కిస్తుకు ఉండేవి కావు. ఎలాగో నాలుగు కిస్తులు ఆలస్యంగా కంపెనీవాళ్ళ చేతికిచ్చింది, రెండు మిగిలిపోయాయి.

ఆమె మూడుసార్లు బ్యాంకుకు వచ్చింది. సిస్టమే కట్ చేసింది, మా చేతిలో లేదని మదన్‌మోహన్ చెప్పాడు. కాగితం మీద రాయించి తెస్తే, ఫిర్యాదులకు ముద్ర వేయం, ఫోను నంబరుకు చేసుకోండన్నాడు. ఆ నంబరు ఇంగ్లీషులో ఒకటి నొక్కమంది, హిందీలో రెండు నొక్కమంది, తర్వాత పాట పెట్టింది. మూడోసారి తారాబాయి కృప కౌంటరు ముందు నిలబడి ఏమీ అడగకుండానే వెళ్ళిపోయింది, వరుసలో ఆమె వెనకాల గురులింగప్ప ఉన్నాడు. కృపకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు మర్చిపోయింది. ఆమెకు అప్పుడు సొరుగులోని ఉత్తరాలు చదివే తీరిక కూడా లేకుండా పోయింది, నెలాఖరు పని.

తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం రెండు దాటాక గురులింగప్ప వచ్చాడు. ఈసారి చేతిలో రెండు ప్రతులు లేవు. ఒక పాత ప్రతి, అంటించిన కవరు ఒకటి ఉన్నాయి. వెనకాల తారాబాయి ఉంది. ఇద్దరూ నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళారు. నిమిషం తర్వాత కృపకు పిలుపు వచ్చింది.

బల్ల మీదున్న ప్రతి తారాబాయి ఫిర్యాదు. పద్దెనిమిది కోతలు తారీకులతో సహా గురులింగప్ప గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. కింద తారాబాయి వేలిముద్ర. ఆ పక్కన బ్యాంకు ముద్ర, ముప్పై నాలుగు రోజుల కిందటి తారీకు, కృప సంతకం. ఆ రోజు ఆయన మూడు ఉత్తరాలు ఒకేసారి ఇచ్చాడు. పైన ఏ.డి.కి, మధ్యలో ఇది, కింద వి.ఎం.కి. కృప మూడింటికీ టకటకా కొట్టేసింది. అసలు ప్రతి ఇన్నాళ్ళూ ఆమె సొరుగులోనే పడుకుని ఉంది.

"ఇది నువ్వే తీసుకున్నావా?" అన్నాడు మదన్‌మోహన్.

"అవును సార్."

"చదవలేదా?"

చదవొద్దని చెప్పింది మీరే కదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వచ్చే నెలలో ఉద్యోగం పర్మినెంటు కావాలి. పైగా సిగ్గు ముంచుకొచ్చింది. నెల రోజులు ఒకామె బతుకు తన మోకాళ్ళ దగ్గర సొరుగులో ఉంటే, తానేమో ఉనికే లేని మనిషిని గురించి కలలు కంటూ కూర్చుంది. తారాబాయి ముఖంలోకి చూడలేకపోయింది.

గురులింగప్ప గొంతు సవరించుకున్నాడు. ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబియ్యకపోతే పైన అంబుడ్స్‌మన్ అనే పెద్దాఫీసుకు రాసుకోవచ్చని, ఫీజు కూడా లేదని చెప్పాడు. మంచినీళ్ళ డ్రమ్ము పక్కన గోడకు మీరే ఛార్జీల కాగితం అంటించారని, అందులో పదకొండో వరుసలో ఒకే కిస్తు నెలలో ఎన్నిసార్లు వెనక్కి వచ్చినా ఛార్జీ ఒక్కసారే అని ఉందని చెప్పాడు. ఆ కాగితాన్ని అంటించినవాళ్ళు కూడా చదివి ఉండరు. రెండేళ్ళుగా తన వంతు కోసం నిలబడి గురులింగప్ప చదివాడు.

"పద్దెనిమిదిట్ల పన్నెండు దండుగ కోతలు సార్. మూడువేల ఐదువందల నలభై. పోస్టాఫీసుల మూడున్నరకు సంచి కడ్తరు. పెట్టెల వేసే ముందు ఒక్కసారి మీకు చూపియ్యాలె కదా అని వచ్చిన" అని, కవరును మోకాలి మీద పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

మదన్‌మోహన్ గోడ గడియారం చూశాడు. రెండూ ఇరవై ఐదు. తారాబాయి అప్పుడు నోరు తెరిచింది.

"అప్పు ఎగ్గొడతనని అంటలేను సార్. శనారం లోపల రెండు కిస్తులు కట్టకుంటే ఫైనాన్సోళ్ళు మిషన్ ఎత్కపోతమన్నరు. మిషన్ పోతే ఏంతోని కట్టాలె? నా పైసలు నాకియ్యిన్రి, ఇయాల్నే కడత."

మదన్‌మోహన్ రీజినల్ ఆఫీసుకు ఫోను కలిపాడు. లైను ఎత్తేవాడు లేడు. మళ్ళీ కలిపాడు. గురులింగప్ప మాత్రం హడావుడి లేకుండా కళ్ళు సగం మూసి, ఉత్తరం ఎలా పోతుందో చెప్పడం మొదలుపెట్టాడు. సంచి ఎర్ర బండెక్కుతుంది. సదాశివపేట దగ్గర పొద్దు గుంకుతుంది, సంగారెడ్డిలో దీపాలు పెడతారు. హైదరాబాదులో సంచి విప్పి ఒక్కో ఉత్తరాన్నీ దాని అరలోకి విసురుతారు. అక్కడినుంచి రైలు. రైలు పెట్టెలో ఉత్తరాలకు మంచి నిద్ర పడుతుందట, నదులు దాటేటప్పుడు కూడా లేవవట. ఎక్కడో ఉత్తరాదిన, ఆ పెద్దాఫీసున్న చలి ఊళ్ళో, తెల్లారగట్ల దిగుతుంది. శాలువా కప్పుకున్న పోస్ట్‌మన్ ఒకడు చేతులు రుద్దుకుని దాన్ని అందుకుంటాడు.

కృప ఆ రైల్లోనే ఉంది. తారాబాయి కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అలా వింటూ నిలబడిపోయింది. మదన్‌మోహన్ ఒక్కడే చెమటలు కక్కుతూ, ఫోను చెవికి నొక్కుకుని, మూడోసారి, నాలుగోసారి వివరిస్తున్నాడు. మధ్యలో ఏమనుకున్నాడో, మిగతా ఆరు కోతలు కూడా వదిలెయ్యమని, మనిషి నిజంగా ఇబ్బందుల్లో ఉందని, భర్తకు కాలు విరిగిందని, బతిమాలినట్టు చెప్పాడు. ఆ మాట ఎవరూ అడగకుండానే అన్నాడు. మూడూ పదికి పైనుంచి సరేనన్నారు. మూడూ ఇరవైకి తారాబాయి ఫోను టింగుమంది.

ఆమె ఫోనును గురులింగప్పకు ఇవ్వబోతే ఆయన కృపకు ఇమ్మన్నాడు. ఐదువేల మూడువందల పది జమ అయిందని కృప చదివింది. మళ్ళీ చదవమంది తారాబాయి. మళ్ళీ చదివింది. తారాబాయి కౌంటర్లో రెండు కిస్తుల డబ్బు తీసుకుని, మిగిలింది ఖాతాలోనే ఉంచి, కంపెనీ ఆఫీసు మూసేలోపు కట్టాలని ఆటో కోసం దాదాపు పరుగెత్తింది.

ఇక ఆ కవరు ఇచ్చేయండని మదన్‌మోహన్ చెయ్యి చాపాడు. ఈ బిడ్డ చింపుతుందిలే అని గురులింగప్ప దాన్ని కృప చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కోవడానికి మెట్ల దగ్గరికి నడిచాడు. కృప కవరు చింపబోయి, లోపల ఏం రాశాడో చూద్దామని అంచు విప్పింది. లోపల ఏమీ లేదు. వేళ్ళు పెట్టి వెతికింది. ఉత్త కవరు.

ఆమె పరుగున మెట్ల దగ్గరికి వచ్చింది. "తాతా, ఇందులో ఉత్తరమేది?"

"రాయలే బిడ్డ. నాలుగు దినాలు కూసున్న, చెయ్యి ఆడలే. రాస్తే నీ సంతకమున్న కాగితం జత చెయ్యాలె. కొత్త నౌకరి నీది. పైవాళ్ళు మొదలు నిన్నే పట్టుకుంటరు."

కృప కవరును మడతపెట్టి, ఏ.డి. మనిషి కాదని మీకు తెలుసా అని అడిగింది.

"మొదలు తెల్వదు. నువ్వు చెప్పినంక తెలిసింది. అయినా బంద్ చెయ్యబుద్ధి కాలే" అని గురులింగప్ప చెప్పు పట్టీ బిగించుకున్నాడు. "మనిషి రాసింది తెస్తే మీరు ముద్ర కొడ్తలేరు. మిషన్‌కు రాసింది తెస్తే చూడకుండ కొడ్తున్నరు. తారాబాయిది గూడ అండ్లనే పెట్టిన. నీకు చెప్పకుండ పెట్టిన, అదొక్కటి నా తప్పే."

కృప కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. లోపల తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింటున్న మదన్‌మోహన్ ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూడలేదు. ఉత్త కవరుకు భయపడి చెమటలు కక్కిన మనిషి కోప్పడాలో నవ్వాలో తేల్చుకోలేకుండా ఉన్నాడు.

గురులింగప్ప ఆయనవైపు తిరిగి, కవరుకు ఐదు రూపాయలు ఖర్చయిందని, బ్యాంకు పని మీద అయింది కాబట్టి బ్యాంకే ఇవ్వాలని అన్నాడు. కృప పర్సు తీయబోతే నీది వద్దన్నాడు. మదన్‌మోహన్ జేబు తడుముకుని పది నోటు ఇచ్చి, ఉంచుకొమ్మన్నాడు. గురులింగప్ప ఒప్పుకోలేదు. చొక్కా జేబు, లోపలి జేబు, సంచి అడుగు అన్నీ వెతికి ఐదు రూపాయల బిళ్ళ తీశాడు.

"ఎక్కువ పట్టుకుంటే మీకూ నాకూ ఫరక్ ఏముంటది సార్" అన్నాడు.

మదన్‌మోహన్ ఆ బిళ్ళ అందుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతూ జేబులో వేసుకున్నాడు.